ఏ వేలికి ఏ అక్షరం?

ఈ సంవాదంలో మాట్లాడేది ఒక అక్క, ఒక తమ్ముడు. జమ్మలమడుగులో పుట్టి పెరిగినవాళ్లు. అక్క అక్కడి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు లోయరు, హయ్యరు పాసైంది. ప్రొద్దుటూరికి కోడలుగా వచ్చాక డీటీపీ అంగడి పెట్టుకుంది. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, దావా కాగితాలు పొద్దస్తమానం ఆమె చేతుల మీదుగానే పోతుంటాయి. మొదట అను ఫాంట్లతో యాపిల్ కీబోర్డు పద్ధతిలో కొట్టేది. ఆఫీసులు యూనికోడ్ అడగడం మొదలయ్యాక ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంది. తమ్ముడు పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో చదివి, ఆ ఊరి చీనీకాయల మండీల కోసం లెక్కల ప్రోగ్రాము రాస్తున్నాడు. ఇద్దరినీ కల్పించింది నేనే. వాళ్ల నోట వచ్చే చిక్కులు మాత్రం కల్పితం కావు. తెలుగులో ప్రోగ్రాము రాయబూనిన ప్రతివాళ్లకూ ఎదురయ్యేవే, చాలామంది పట్టించుకోకుండా దాటేసేవే. అందుకే ఈ తగువును కాగితం మీద పెడుతున్నాను.

తమ్ముడు: చూడక్కా, మెనూ మొత్తం తెలుగే. ఇంగ్లీషు మాట ఒక్కటి లేదు.

అక్క: మాట లేదు గానీ, ప్రతి మాట పక్కనా బ్రాకెట్లో ఇంగ్లీషు అక్షరం కూర్చోబెట్టినావు. కొత్త చీటీ పక్కన ఎన్. తూకం పక్కన డబ్ల్యు. తూకంలో డబ్ల్యు యాడుంది రా?

తమ్ముడు: అది షార్ట్‌కట్. ఆల్ట్ పట్టుకుని డబ్ల్యు కొడితే తూకం తెరుచుకుంటుంది. నేను కొత్తగా కనిపెట్టింది కాదు. లినక్స్‌లో గ్నోమ్‌ను తెలుగు చేసినవాళ్లు కూడా తెలుగు మాట రాసి, పక్కన బ్రాకెట్లో ఇంగ్లీషు అక్షరమే పెట్టినారు. జపానువాళ్ల మెనూల్లోనూ ఇదే పద్ధతి.

అక్క: జపానులో ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, వాటిని తమ లిపిలోకి మార్చుకుంటారని పోయినసారి నువ్వే చెప్పినావు. అట్లాంటి చేతికి ఇంగ్లీషు అక్షరం పరాయిది కాదు. నా సంగతి వేరే. ఇన్‌స్క్రిప్ట్‌లో క కావాలంటే ఒక్క కీ, ఒక్క దెబ్బ. నడుమ ఇంగ్లీషు లేదు. నాకు సరిపోయేది రష్యావాళ్ల పద్ధతి. వాళ్ల మెనూలో గీత పడేది రష్యా అక్షరం కిందనే గదా?

తమ్ముడు: అవును. ఆల్ట్ పట్టుకుని వాళ్ల అక్షరమే కొడతారు. కానీ కంట్రోల్ షార్ట్‌కట్లు, అంటే కాపీ, పేస్టు లాంటివి, ఇంగ్లీషు కీల చోటులోనే ఉంచుకున్నారు.

అక్క: నేను అడిగేదీ అదే. అంతకన్నా ఎక్కువ అడగలేదు.

తమ్ముడు: నువ్వు అడిగేది వినడానికి తేలిక. కంట్రోల్ షార్ట్‌కట్లను భాషకు తగ్గట్టు మార్చినవాళ్లు ఏమైనారో చూడు. స్పానిష్ వర్డ్‌లో దాచుకోవడానికి కంట్రోల్ జి. వాళ్ల మాట ఆ అక్షరంతో మొదలవుతుంది కాబట్టి. కంట్రోల్ ఎస్ కొడితే మాట కింద గీత పడుతుంది. ఆ మనిషి వేరే ప్రోగ్రాములోకి పోయి దాచుకుందామనుకుంటే చెయ్యి తప్పుతుంది. ఫ్రెంచి వర్డ్‌లో లావు అక్షరాలకు కంట్రోల్ జి. ఒకే దెబ్బకు ఊరికొక అర్థం. తెలుగు మెనూకు తెలుగు అక్షరాలంటే మనమూ అదే గోతిలో పడతాం.

అక్క: అందులో నీతో గొడవ లేదు. కంట్రోల్ జోలికి నేను రాను. జెడ్, ఎక్స్, సి, వి నాలుగూ పక్కపక్కన ఉండాయి కాబట్టే నా ఎడమ చెయ్యి చూడకుండా పనిచేస్తాండాది. వాటిని అక్షరాలని నేను ఎప్పుడూ చదవలేదు, అవి చోట్లు.

ఇక్కడ ఒక మాట కలపాలి. ఆ నాలుగు కీలను పక్కపక్కన ఎంచిపెట్టిన వరస 1983లో వచ్చిన యాపిల్ లిసా కాలం నాటిది. లారీ టెస్లర్ బృందం ఎక్స్‌ను కొట్టివేత గుర్తుగా తీసుకుంది. వి, రాతప్రతుల్లో మాట చొప్పించే గుర్తును తలకిందులు చేసినట్టు ఉంటుంది. ఫ్రెంచి కీబోర్డులో జెడ్ పై వరసకు పోయింది, జర్మన్ కీబోర్డులో జెడ్, వై తారుమారయ్యాయి. ఆ దేశాల్లో ఆ నాలుగు కీల వరస చెదిరిపోయింది. 1936లో పేటెంటు పొందిన డ్వొరాక్ కీబోర్డు వాడేవాళ్లకు మరీ ఇబ్బంది. అందుకే యాపిల్ కంప్యూటర్లలో వాళ్ల కోసం ఒక ఏర్పాటు ఉంది: అక్షరాలు డ్వొరాక్ పద్ధతిలో పడతాయి, కమాండ్ కీ నొక్కి ఉంచినంతసేపు కీబోర్డు పాత క్వెర్టీకి తిరిగిపోతుంది. చేతికి అలవాటైన చోటు వేరు, కంటితో చదువుకునే అక్షరం వేరు అని ఒప్పుకున్న ఏర్పాటది. అక్క వాదన ఇక్కడే నిలబడుతుంది.

తమ్ముడు: సరే, కంట్రోల్‌ను పక్కన పెడదాం. ఆల్ట్‌తో తెలుగు అక్షరం పెడితే నీకు కలిసొచ్చేదేమి?

అక్క: కీబోర్డు ఇట్ల తిప్పు. ఇన్‌స్క్రిప్ట్‌లో నా ఎడమ చేతి కింద ఏముండాయి? గుణింతాలు. పై వరసలో ఔత్వం, ఐత్వం, దీర్ఘం, గుడి దీర్ఘం, కొమ్ము దీర్ఘం. నడిమి వరసలో ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము. కింద జెడ్ మీద ఎత్వం, ఎక్స్ మీద సున్న. ఎడమ చేతికి వచ్చిన హల్లులు మ, న, వ అంతే. మిగతావన్నీ కుడి చేతివి. నడిమి వరసలో హెచ్ నుంచి పక్కకు పోతే ప, ర, క, త, చ, ట.

తమ్ముడు: అయితే?

అక్క: తెలుగులో ఏ మాటైనా గుడితో మొదలవుతుందా? సున్నతో? పొల్లుతో? మెనూలో మాట మొదలయ్యేది హల్లుతోనో అచ్చుతోనో. అంటే మెనూ అక్షరాలు దాదాపు అన్నీ కుడి చేతికి వస్తాయి. ఆల్ట్ యాడుంది? ఎడమ బొటనవేలి కింద. ఎడమ చేత్తో ఆల్ట్ పట్టుకుంటా, కుడి చేత్తో అక్షరం కొడతా. రెండు చేతులకూ పని సమానం. ఇంగ్లీషు మెనూలో ఫైలుకు ఎఫ్, ఎడిట్‌కు ఇ, వ్యూకు వి, అన్నీ ఎడమ చేతివే. ఆల్ట్ పట్టుకున్న చేత్తోనే వేళ్లు మెలిపెట్టి వాటినీ కొట్టాల. తెలుగు మెనూకు ఇన్‌స్క్రిప్ట్ ఇచ్చిన సౌకర్యం ఇంగ్లీషు మెనూకు కూడా లేదు. నువ్వు బ్రాకెట్లో డబ్ల్యు పెట్టి ఆ సౌకర్యాన్ని పారేస్తాండావు.

తమ్ముడు: ఇది నాకు తట్టలేదక్కా. ఇన్‌స్క్రిప్ట్ 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రామాణికం చేసిందని చదువుకున్నాం. హిందీ అయినా, కన్నడం అయినా క ఉండేది అదే కీ మీద అని తెలుసు. కానీ మెనూ వైపు నుంచి ఎవరూ చెప్పలేదు. అయినా చిక్కు చూడు. నా మెనూలో కొత్త చీటీ, కాటా, కమీషన్, కొట్టివేత. నాలుగూ క తోనే. ఏది ఎవరికి ఇవ్వాల?

అక్క: మొదటి అక్షరమే తీసుకోవాలని ఎవరు పెట్టిన నియమం? కొత్త చీటీకి చ ఇయ్యి. కాటాకు ట. కమీషన్‌కు క. మూడూ కుడి చేతి నడిమి వరసలోనే పడినాయి, చెయ్యి కదలాల్సిన పని లేదు.

తమ్ముడు: కొట్టివేత?

అక్క: దానికి అక్షరమే వద్దు. రద్దు అని పేరు మార్చి ర ఇచ్చినావనుకో, అది చూపుడువేలి కిందే ఉండాది, పొరపాటున తగిలితే ఒక రైతు లెక్క మాయమైపోతుంది. పోగొట్టే పని దూరంగా ఉండాల, ఒకటికి రెండుసార్లు అడగాల. సులభంగా అందేచోట చీటీని పెట్టు, తూకాన్ని పెట్టు. పేర్లు కూడా కీబోర్డు చూసుకుంటూనే పెట్టు. అమ్మకం అని రాసినావు చూడు, అది పనికిరాదు.

తమ్ముడు: అమ్మకానికి ఏమైంది? మంచి తెలుగు మాట.

అక్క: మంచి మాటే, కీ మాత్రం మంచిది కాదు. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులన్నీ షిఫ్ట్‌తో పడతాయి. అ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని డి. ఆల్ట్‌తో కలిపితే ఆల్ట్, షిఫ్ట్, డి. విండోస్‌లో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఏమవుతుంది?

తమ్ముడు: కీబోర్డు భాష మారిపోతుంది.

అక్క: అమ్మకం తెరుద్దామని పోతే ఒక్కోసారి తెలుగు పోయి ఇంగ్లీషు వచ్చి కూర్చుంటుంది. వత్తు హల్లులదీ అదే కథ. ఖర్చులో ఖ, ధరలో ధ, భరతిలో భ, అన్నీ షిఫ్టే. ధరకు ర ఇచ్చుకో. అమ్మకానికి మ ఇచ్చుకో. మొదటి అక్షరం కోసం మంకుపట్టు పట్టొద్దు.

తమ్ముడు: మరి ఏ అక్షరమో జనానికి ఎట్ల చూపించాల? కింద గీత గీస్తాం, అంతే గదా.

అక్క: గీసి చూపించు, చూస్తా. అదిగో. కొత్తలో త కింద తవత్తు ఉండాది. నీ గీత దాని నడుమ నుంచి పోయింది. రద్దులో దవత్తు నరుక్కుపోయింది. ప్రింటులో క్రావడి కనపడనే లేదు. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు గీత మీద నిలబడతాయి, వాటి కింద ఇంకో గీత గీసుకోవచ్చు. మన అక్షరం కిందికి వేలాడుతుంది. మెనూలో వరసకూ వరసకూ నడుమ చోటు కూడా ఇంగ్లీషు కొలతకే వదిలినారు, వత్తులు కింది మాట నెత్తిన ఎక్కుతాండాయి.

తమ్ముడు: ఇది ఫాంటు సైజు పెంచితే పోయే రోగం.

అక్క: సైజు పెంచితే గీత కూడా లావవుతుంది. ఇంకొకటి. కొ కింద గీత గీసినావనుకో, చూసేవాళ్లకు ఏమర్థమవుతుంది? క కొట్టాలా, క కొట్టి ఒత్వం కూడా కొట్టాలా? గీత వద్దు. మాటకు కుడి అంచున ఒక చిన్న గడి గీసి, అందులో ఒట్టి క రాయి. గడులన్నీ ఒకే నిలువు వరసలో ఉండనీ. కన్ను పైనుంచి కిందికి ఒక్కసారి జారితే అన్ని కీలూ తెలుస్తాయి. మేము పత్రికలో ధరల పట్టీ వేసేది అట్లనే.

తమ్ముడు: ఇంతవరకు నువ్వు చెప్పినదంతా నీ కోసం. ఇన్‌స్క్రిప్ట్ వేళ్లకొచ్చిన మనిషి కోసం. ఇప్పుడు నేను చెప్పేది విను. పులివెందుల మండీలో నా ప్రోగ్రాము ముందు కూర్చునేది ఒక గుమాస్తా. అతనికి ఇన్‌స్క్రిప్ట్ రాదు. రైతు పేరు రాయాలంటే ఫోన్‌లో మాట్లాడి రాయించుకుంటాడు. కీబోర్డు మీద అచ్చయింది ఇంగ్లీషు అక్షరాలు. నువ్వు గడిలో చ అని రాస్తే అతను కీబోర్డంతా వెదికినా చ దొరకదు. అతనికి నీ తెలుగు అక్షరం ఒక తాళం, నా ఇంగ్లీషు అక్షరం ఒక తాళంచెవి. తెలుగు మీద ప్రేమతో అతని చేతులు కట్టేయమంటావా?

అక్క: కట్టేయమనను. అయితే అతనికి డబ్ల్యు మాత్రం ఎందుకు? తూకానికి డబ్ల్యు అని అతను గుర్తుపెట్టుకోవాలంటే తూకాన్ని ఇంగ్లీషులో ఏమంటారో ముందు తెలియాల. అతనికి చేతనైంది అంకెలు. అంకెలే పెట్టు.

తమ్ముడు: అంకెలు పెట్టినా నాకు చిక్కే. మొదటి తెర మీద తొమ్మిది గడులు వేసినా. పైన ఒకటి, రెండు, మూడు. నడుమ నాలుగు, ఐదు, ఆరు. కింద ఏడు, ఎనిమిది, తొమ్మిది. గుమాస్తా ఒకటి కొట్టబోయి ఏడు కొడతాండాడు.

అక్క: కీబోర్డు కుడి పక్కన అంకెల పలక చూడు. పైన ఏడు, ఎనిమిది, తొమ్మిది. కింద ఒకటి, రెండు, మూడు. క్యాలిక్యులేటర్ లాగా. నువ్వు తెర మీద వేసింది ఫోను పలక. అతని వేలు క్యాలిక్యులేటర్ మీద పెరిగింది.

తమ్ముడి ప్రోగ్రాములో తలకిందులైన ఆ తొమ్మిది గడుల వెనక పెద్ద కథే ఉంది. 1960లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు నొక్కే ఫోను కోసం అంకెల అమరికలు ఎన్నో పరీక్షించి ఫలితాలు అచ్చువేశాయి. 1963లో ఆ ఫోను జనంలోకి వచ్చినప్పుడు ఒకటి పైన కూర్చుంది. క్యాలిక్యులేటర్లలో అప్పటికే ఏడు పైన ఉంది. అప్పటినుంచి మన చేతికి రెండు పలకలు. తెర మీద గీసే బొమ్మ, చేతి కిందున్న పలకను పోలి ఉండాలి. ఏటీఎంలో తెరకు రెండు పక్కలా ఉండే కీలు కూడా ఇంతే: మెనూ గీత కీకి సరిగ్గా ఎదురుగా ఉంటేనే అర్థం. మందపాటి గాజు తెరల కాలంలో పొడుగు మనిషికి ఒక గీత, పొట్టి మనిషికి ఇంకో గీత కీకి ఎదురుగా కనిపించేవి. చదువురాని ముసలామె తప్పు కీ నొక్కి వెనక్కు తగ్గిందంటే, ఆమెను తప్పుపట్టే ముందు ఆ గీత ఎక్కడ పడుతున్నదో చూడాలి.

తమ్ముడు: తిప్పి పెడతాలే. కానీ లోపలి తెరలో అంకెలు పనికిరావు. అక్కడ అంకె అంటే తూకం. మెనూ కోసం నాలుగు కొడితే నాలుగు కిలోలని రాసుకుంటుంది.

అక్క: అది నిజమే. లోపలి తెరకు ఎఫ్ కీలు వాడు. ట్యాలీలో రాసేవాళ్లందరికీ ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 వసూలు, ఎఫ్8 అమ్మకం అని నోటికొచ్చు. ఆ వరస ఏ భాషలోనైనా కదలదు. మండీలో ట్యాలీ చూసిన గుమాస్తా అయితే ఎఫ్8 అమ్మకమే కానీ. ఇంకోటి పెట్టి అతన్ని తికమక పెట్టొద్దు.

తమ్ముడు: చిన్న ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ కీలు వెలుతురు, శబ్దం మార్చడానికి పెట్టినారు, ఎఫ్ఎన్ కూడా నొక్కాల.

అక్క: మండీలో పెట్టేటప్పుడు ఆ సెట్టింగు మార్చిపెట్టి రా. అది నీ పనే, గుమాస్తాది కాదు.

తమ్ముడు: ఇంకా అయిపోలేదు. నువ్వు ఇన్‌స్క్రిప్ట్. నీ పక్క అంగట్లో ఇంకా యాపిల్ పద్ధతి. ఇంకొకరిది మాడ్యులర్. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖినిలో రాసేవాళ్లకు పి కొడితే ప. ఆ దారి 1990ల మొదట్లో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం తెలుగువాళ్లు వేసిన ఆర్‌టీఎస్ నుంచి వచ్చింది, ఈపొద్దు విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు చాలామంది ఆ అలవాటులోనే ఉంటారనుకుంటా. ఎవరి కోసం రాయాల?

అక్క: అందరికీ మెనూలో రాసేది ఒక్కటే గదా, ప. నా వేలు హెచ్ మీదికి పోతుంది, లేఖిని చెయ్యి పి మీదికి పోతుంది. తెర మారాల్సిన పని లేదు.

తమ్ముడు: తెర మారదు. లోపల ప్రోగ్రాముకు అందేది హెచ్. దాన్ని నీ ప అనుకోవాలా, లేఖినివాళ్ల హ అనుకోవాలా?

అక్క: అడుగు. మొదటిసారి ప్రోగ్రాము తెరిచినప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వెయ్యి: మీరు తెలుగు ఎట్ల కొడతారు? ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, మాడ్యులర్, ఇంగ్లీషు అక్షరాలతో, తెలుగు కొట్టం. ఐదు జవాబులు. ఒక్కో జవాబుకు ఒక పట్టిక. మన అక్షరమాల ఎంత, యాభై చిల్లర. అంత పట్టిక రాయడానికి నీకు ఒక పూట కూడా పట్టదు.

తమ్ముడు: పట్టిక రాయడం పని కాదు. పరీక్షించడం పని. ఆల్ట్ పట్టుకుంటే కొన్ని పద్ధతుల్లో తెలుగు అక్షరం ప్రోగ్రాముకు అందనే అందదు, ఒట్టి ఇంగ్లీషు కీ అందుతుంది. లినక్స్‌లో తెలుగు ఒక్కటే పెట్టుకుంటే కొన్ని ప్రోగ్రాముల్లో కంట్రోల్ సి కూడా పనిచేయదు. ఐదు పద్ధతులు, రెండు సిస్టములు, ప్రతి మెనూ. నేనొక్కణ్ణి.

అక్క: నువ్వొక్కడివే ఎందుకు? మా వీధిలో డీటీపీ అంగళ్లు ఉండాయి, ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. తెచ్చి పెట్టు, కొట్టి చూస్తాం. ఇంతకాలం ఎవరూ అడగలేదు, అంతే.

తమ్ముడు: సరే. కానీ ఏమీ ఎంచుకోనివాళ్లకు ఏది చూపించాల? నేను ఇంగ్లీషు అక్షరమే అంటా. ఎక్కువమందికి కీబోర్డు మీద కనిపించేది అదే.

అక్క: నేను తెలుగే అంటా. తెలుగు మెనూ తెరిచిన మనిషి తెలుగు చదువుతాడని ముందే తెలిసిపోయింది.

ఇక్కడ వాళ్ల తగువు తెగలేదు. నా తీర్పు చెబుతాను. తమ్ముడు తెచ్చిన అభ్యంతరాల్లో బలమైనది గుమాస్తాది. దానికి అక్క సరైన జవాబే చెప్పింది: తెలుగు కొట్టని చేతికి అంకెలు, ఎఫ్ కీలు. ఆ జవాబు ఒప్పుకున్నాక ఇంగ్లీషు అక్షరానికి తెలుగు మెనూలో మిగిలిన పని చాలా తక్కువ. ఏమీ ఎంచుకోనివాళ్లకు కూడా అంకెలే చూపించాలి, తెలుగు కొడతామన్నవాళ్లకు తెలుగు అక్షరమే చూపించాలి. తూకం పక్కన డబ్ల్యు ఇద్దరిలో ఎవరికీ పనికిరాదు. అది రాసినవాడికి మాత్రమే తేలిక.

పులివెందుల జేఎన్‌టీయూలో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుతున్న పిల్లలకు, ప్రభుత్వ శాఖలకు తెలుగు ప్రోగ్రాములు రాసి ఇచ్చే కంపెనీలకు నాదొక మనవి. మెనూ గీసే ముందు ప్రొద్దుటూరులోనో జమ్మలమడుగులోనో ఒక డీటీపీ అంగడికి పోయి, కొట్టేవాళ్ల పక్కన ఒక పూట కూర్చోండి. తెర వైపు చూడకండి, వాళ్ల చేతుల వైపు చూడండి. ఏ వేలు ఎక్కడికి పోతుందో రాసుకోండి. మెనూ ఆ తర్వాత గీయండి.